రేపల్లెలో రూతమ్మ సాక్ష్యం

తెనాలి వెళ్తున్నానని చెబితే మా కదిరిలో కనిపించినవాళ్ళంతా పెళ్ళెవరిదని అడిగారు. పెళ్ళి కాదు, ఎండు రొయ్యల పని అన్నాను. నేను పుట్టి బుద్ధెరిగి చేప ముక్క నోట పెట్టలేదని తెలిసినవాళ్ళు కాబట్టి ఇంకా వింతగా చూశారు. మా ఆయనైతే నేను బ్యాగు సర్దుకుంటుంటే పక్కన నిలబడి, "తినేదానివి కావు, అమ్మేదానివి కావు, ఆ నీచు యవ్వారం నీకెందుకే" అన్నాడు.

సంగతేమిటంటే, కదిరిలో నాకు వేరుశనగ చిక్కీల తయారీ ఉంది. మొదట్లో అప్పు కోసం, అంగళ్ళ కోసం చెప్పులరిగేలా తిరిగినదాన్ని. ఆ తిరుగుళ్ళలో కలిసిన ఐదారుగురు ఆడవాళ్ళం తర్వాత ఒక మాట అనుకున్నాం. మాకు తెలిసిన బ్యాంకు గుమ్మాలూ, సరుకు కొనే దుకాణాలూ కొత్తగా మొదలుపెట్టిన ఆడవాళ్ళకి దగ్గరుండి చూపించాలని. మాకు సంఘం లేదు, బోర్డు లేదు, ఎవరి ఛార్జీలు వాళ్ళవే. తెనాలిలో నగల కొట్టు నడిపే ఉషారాణి మాలో ఒకతె. ఆవిడే ఫోన్ చేసింది.

"వదినా, రేపల్లెలో రూతమ్మని ఒకామె ఉంది. ఎండు రొయ్యల పొడి చేసుద్ది. బ్యాంకుకెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది. ఎందుకో నాకు అంతుబట్టట్లా. సోమవారం కొత్త మేనేజర్ని కలవడానికి మాట తీసుకున్నా. నువ్వొస్తే బాగుండుద్ది."

ఎండలు ఇంకా ముదరలేదు. వెంటనే బయల్దేరాను.

తెనాలి

ఉషారాణి అమ్మేది ఒక గ్రాము బంగారం పూత నగలు. స్టేషన్‌కి నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు మెడలో ఉన్న హారం చూసి దొంగల భయం లేదా అని అడిగాను. "దొంగలకి మా కొట్టు సంగతి తెలుసులే" అంది.

టిఫిన్‌కి నెయ్యి కారప్పొడి ఇడ్లీ తిన్నాం. మా వైపు కారం తక్కువేమీ కాదు గానీ, ఇక్కడి కారప్పొడి ముందు కళ్ళు తుడిపించి తర్వాత రుచి చూపిస్తుంది. అంగడి ఎక్కడుందని అడిగితే హోటలతను ఏ అంగడండి అని తిరిగి అడిగాడు. మనం అంగడి అనేదాన్ని ఇక్కడ కొట్టు అంటారు. ఇంకో తేడా, మాటమాటకీ అండీ చేరుస్తారు. కాఫీ అయిపోయిందని చెప్పడానికి కూడా మర్యాదే. ఆ మర్యాద చూసి మొదటి రోజు ముచ్చటపడ్డాను. మూడో రోజుకి తల పట్టుకున్నాను, అది తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం సుబ్బారావు గారి కొట్టుకు వెళ్ళాం. పెద్ద కిరాణా కొట్టు, విజయవాడలోనూ గుంటూరులోనూ ఆయన బంధువులకి ఇలాంటివే ఉన్నాయి. రూతమ్మ పొడి ప్యాకెట్లు రెండు నెలలుగా ఇక్కడ అమ్ముడవుతున్నాయి. ఆయన ఒక ప్యాకెట్టు నా చేతిలో పెట్టి సూటిగా చెప్పాడు.

"పొడికి వంక పెట్టనమ్మా. వచ్చిన సరుకు వచ్చినట్టే పోతంది. కానీ వానలు పడగానే ఆమె పని ఆగిపోద్ది. టార్పాలిన్ మీద ఎండబెట్టే సరుకు కదా. వానల్లో కూడా ఇవ్వగలనంటే ఏడాది పొడుగునా మా మూడు కొట్లకీ తీసుకుంటా. లేదంటే ఆ అర వేరేవాళ్ళకి ఇచ్చుకోవాలి, ఇప్పటికే అడుగుతున్నారు. వానలు పడేలోపు మాట చెప్పమనండి."

అంటే రూతమ్మకి కావలసింది ఎండ ఉంటే ఎండతో, లేకపోతే కరెంటుతో రొయ్యల్ని ఆరబెట్టే డ్రయ్యరు. దానికి అప్పు కావాలి. ఆ అప్పు వానలకి ముందే రావాలి. కొనేవాడు దొరికాక కూడా పని ఆగిపోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఎలాగైనా ఇది తేల్చుకునే ఇంటికి వెళ్ళాలని అక్కడే అనుకున్నాను.

పొన్నూరు మీదుగా

శనివారం పొద్దున బాపట్ల బస్సెక్కాను. అక్కడ విజయలక్ష్మి అనే ఆవిడ పొడుల తయారీ నడుపుతోంది, లైసెన్సు, లేబులు, ప్యాకింగు సంగతులన్నీ ఆవిడకి తెలుసు. రూతమ్మని ఆవిడతో కలపాలని ఉషారాణి ఆలోచన. నమూనాకి ఒక ప్యాకెట్టు నా బ్యాగులో వేసింది.

పొన్నూరు దగ్గర రైసు మిల్లులు దాటుతుండగా బస్సులో ముక్కులు కదలడం మొదలైంది. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఎండు రొయ్యలు కదమ్మా, ఎక్కడ కొన్నావు?" అంది. ప్యాకెట్టు అంచు ఊడి పొడి నా చీరల మీద పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కావిడ మాత్రం, "మంచి వాసనొస్తంది, ఎంతకిచ్చారు?" అని అడిగింది. ధర చెప్పాను. ఏం వేసి చేస్తారని అడిగారు. తెలియదన్నాను. వంకాయలో వేస్తే బాగుండుద్దా, గోంగూరలోనా అన్నారు. నేను తిననండీ అన్నాను. పెద్దావిడ కాసేపు నన్నే చూసి, "తిననిదానివి ఎందుకు మోసుకు తిరుగుతున్నావమ్మా" అంది. మా ఆయన ప్రశ్నే ఇంత దూరం వచ్చి మళ్ళీ వినాల్సి వచ్చింది. కథంతా చెబితే ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. దిగేముందు పెద్దావిడ తన కోడలి ఫోన్ నంబరు రాసిచ్చి, ఆ రూతమ్మకి ఇవ్వమంది.

బాపట్ల

విజయలక్ష్మి ఇల్లు పెద్దది, పొలాలున్న కుటుంబం. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే లోపల్నుంచి వాళ్ళ అత్తగారి గొంతు వినిపించింది, "శనివారం పూట నీచు వాసనేంటే విజయా" అని. నా బ్యాగుని పెరట్లో జామచెట్టు కొమ్మకి తగిలించాకే నాకు మంచినీళ్ళు దొరికాయి. పాపం విజయలక్ష్మి నాకంటే ఎక్కువ సిగ్గుపడింది.

వెనక షెడ్డులో ఎనిమిదిమంది ఆడవాళ్ళు కందిపొడి, కరివేపాకు పొడి ప్యాక్ చేస్తున్నారు. ఒక పక్క మిల్లు, ఇంకో పక్క తూకం. హైదరాబాదుకి వెళ్ళే పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. చూసి నా కడుపు నిండింది.

"పెద్ద వ్యాపారమే నడుపుతున్నావమ్మా" అన్నాను.

"వ్యాపారం అంతేం కాదండి. ఖాళీగా కూర్చోలేక ఏదో కాలక్షేపానికి" అంది.

ఎనిమిదిమందికి జీతాలిచ్చే కాలక్షేపం నేనెక్కడా చూడలేదు. మా కదిరిలో మిరపకాయ బజ్జీల బండి పెట్టిన ఆవిడ కూడా, "నా యాపారానికి అడ్డం జరుగు" అని పోలీసుతో అంటుంది. అదే మాట విజయలక్ష్మితో అంటే నవ్వింది.

"మా వైపు ఆడవాళ్ళు అట్టా అంటే పొగరనుకుంటారండి. మావారు కూడా ఎవరైనా అడిగితే మా ఆవిడేదో చేసుద్దండి అంటారు."

రొయ్యల పొడి తన షెడ్డులో ప్యాక్ చేయడం కుదరదని చెప్పింది. కందిపొడికి ఆ వాసన పడితే సరుకంతా వెనక్కి వస్తుంది. అది న్యాయమే. అయితే ఊరికే పంపలేదు. వాడకుండా మూలన ఉంచిన, ప్యాకెట్లు అతికే మిషను ఒకటి తీసి తుడిచి ఇచ్చింది. లైసెన్సుకి తనే రేపల్లె వచ్చి దగ్గరుండి చేయిస్తానంది. అత్తగారు కూడా మనసు కరిగి నాకు మినప సున్నుండలు కట్టించింది, బ్యాగు మాత్రం చెట్టు మీదనుంచి నన్నే తీసుకోమంది.

రేపల్లె

ఆదివారం పొద్దున అతికే మిషనుకి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. రేపల్లెలో దిగేసరికి రూతమ్మ చర్చి నుంచి అటే వచ్చి బస్టాండులో నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, తెల్ల చీర, చేతిలో బైబిలు. నా దగ్గర మిషను లాక్కుని తనే నెత్తిన పెట్టుకుంది.

ఇంటి పక్క ఖాళీ స్థలంలో నీలం టార్పాలిన్ల మీద రొయ్యలు ఎర్రగా ఆరుతున్నాయి. వాళ్ళాయన దానియేలు కుర్చీలో కూర్చుని పొడుగాటి కర్రతో కాకుల్ని తోలుతున్నాడు. తాపీ పని చేసేవాడట, పరంజా మీద నుంచి పడ్డాక నడుం పని చేయడం లేదు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

భోజనానికి గోంగూర పప్పు, బెండకాయ వేపుడు. గిన్నెలన్నీ కొత్తవి, ఒకదాని మీద కొట్టువాడి చీటీ కూడా ఇంకా ఊడలేదు. నా కోసమే కొన్నదని అర్థమై కోపమొచ్చింది.

"మీ గిన్నెల్లో వండితే నేను తిననని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. అన్నింట్లో రొయ్యల వాసనుంటది కదక్కా, మీరు నీచు తినరని ఉషక్క చెప్పింది" అంది. రెండోసారి పప్పు వేయించుకుని తిన్నాను.

తిన్నాక బ్యాంకులో ఏం జరిగిందో చెప్పమన్నాను. అప్పటి మేనేజరు మంచివాడేనట. కూర్చోబెట్టి, ఏం చేస్తుంటారమ్మా అని అడిగాడు. ఈవిడ, "ఏం లేదండి, ఇంటి దగ్గరే ఉంటానండి" అంది. వ్యాపారమేమైనా ఉందా అంటే, "వ్యాపారం అంత కాదండి, ఏదో తెలిసినవాళ్ళు అడిగితే కాసిని చేసిస్తానండి" అంది. అయితే ఇంత అప్పెందుకమ్మా అని ఆయన పంపేశాడు. నేనైనా పంపేసేదాన్నే.

"మరి ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పలేదు?"

"పెద్దాయన ముందు నేను అది చేస్తా, ఇది చేస్తా అని ఎట్టా చెప్పుకుంటామండి. బాగుండదు కదా."

ఉషారాణికి ఎందుకు అంతుబట్టలేదో అప్పుడు తెలిసింది. ఆవిడా ఈ గాలి పీల్చినదే, ఈ మాటలు ఆవిడ చెవికి మామూలే.

సరే, నేనే మేనేజర్నై కుర్చీలో కూర్చున్నాను. దానియేలు ప్రేక్షకుడు. ఏం చేస్తుంటారమ్మా అన్నాను. "ఏదోనండి" అంది. మళ్ళీ అడిగాను. ఈసారి ఏదో అనలేదు గానీ, "మా ఆయన ఖాళీగా ఉన్నారు కదండి, ఆయనకి తోడుగా" అంది. దానియేలు కర్ర కింద పెట్టి, "నేను కాకుల్ని తోలడమే కదే చేసేది" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా నీళ్ళు నమలడమే. చివరికి నా ఓపిక చచ్చింది.

"ఇంకొక్కసారి ఏదో అన్నావంటే నీ గోంగూర మీద ఒట్టు, సాయంత్రం రైలుకే పోతాను" అన్నాను. రూతమ్మ తల వంచుకుంది. అన్నాక నాకే బాధేసింది.

స్త్రీల సమాజం

నాలుగింటికి రూతమ్మ, "స్త్రీల సమాజం ఉందండి, మీరూ వస్తారా" అని మెల్లగా అడిగింది. చర్చి ఆడవాళ్ళు ఆదివారం ఒకరింట్లో కూడి పాటలు పాడుకుని ప్రార్థన చేసుకుంటారు. పోట్లాడి ఇంట్లో కూర్చోవడం కంటే నయమని వెళ్ళాను. చాపల మీద పాతికమంది దాకా ఉన్నారు. కూలికెళ్ళేవాళ్ళు, ఒక టీచరమ్మ, ఇద్దరు ఆశా వర్కర్లు. నాకు దిండు వేసి టీ ఇచ్చారు.

పాటలయ్యాక, సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని టీచరమ్మ అడిగింది. సాక్ష్యమంటే తన బతుకులో దేవుడేం చేశాడో పదిమంది ముందు చెప్పడం. రూతమ్మ లేచింది. కొంగు తల మీదకి లాక్కుంది. ఇంటి దగ్గర నీళ్ళు నమిలిన మనిషేనా అని నేను చూస్తూ ఉండిపోయాను.

"నా భర్త పడిపోయినప్పుడు ఇంట్లో గింజ లేదు. నా చెవి కమ్మలు అమ్మి రొయ్యలు కొన్నా. ఎండబెట్టి, పొడి కొట్టి, ఇల్లిల్లూ తిరిగి అమ్మా. ఇవాళ నా దగ్గర నలుగురు పని చేస్తన్నారు. వారం తిరిగేసరికి వాళ్ళ కూలి వాళ్ళకి ఇస్తన్నా. నా కూతురు నర్సింగు చదువుతంది. తెనాలి కొట్లో నా పొడి ఉంది. పోయిన వానాకాలం సరుకంతా పాడైతే చేతుల్తో గుంట తీసి పూడ్చా. మళ్ళీ మొదలుపెట్టా. ఆయన నన్ను నిలబెట్టాడు."

అంతసేపట్లో ఒక్క ఏదో కూడా లేదు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాననుకుంటాను.

తిరిగి వస్తూ దారిలో అడిగాను, ఇక్కడ అంత బాగా చెప్పావే అని. రూతమ్మ నన్ను వింతగా చూసింది.

"అక్కడ తగ్గించి చెప్పకూడదండి. తగ్గిస్తే దేవుడు చేసింది తగ్గించినట్టు. అబద్ధ సాక్ష్యం అయిద్ది."

"మరి బ్యాంకులో తగ్గించి చెప్పింది ఏమవుతుంది?" అన్నాను.

రూతమ్మ అడుగు పెంచి ఇంటి దాకా ముందే నడిచింది. మధ్యాహ్నం పనికి రాని ఆ రిహార్సళ్ళు నేను మళ్ళీ ఎత్తలేదు.

బ్యాంకు

సోమవారం బ్యాంకు కిటకిటలాడుతోంది. కొత్త మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు. గది తలుపు తీసే ఉంది, గుమ్మం దగ్గర పాసుబుక్కులతో ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. రూతమ్మ కుర్చీ అంచున కూర్చుంది.

"చెప్పండమ్మా, ఏం చేస్తుంటారు?"

"ఏం లేదండి, ఏదో..."

రూతమ్మ ఆగింది. తర్వాత లేచి నిలబడి, కొంగు తల మీదకి తీసుకుంది.

"కూర్చునే చెప్పండమ్మా" అన్నాడాయన.

"నిలబడే చెప్తానండి" అంది. ఇక మొదలుపెట్టింది. కమ్మలు, రొయ్యలు, నలుగురు ఆడవాళ్ళు, తెనాలి కొట్టు, పాడైన సరుకు, కావలసిన డ్రయ్యరు. నిన్నటి గొంతే, నిన్నటి మాటలే. పక్క కౌంటరులో గుమాస్తా నోట్లు లెక్కపెట్టడం ఆపి వింటున్నాడు. ముగించగానే గుమ్మం దగ్గర పాసుబుక్కు పట్టుకున్న ముసలావిడ అలవాటుగా, "దేవునికి స్తోత్రం" అంది. ఎవరూ నవ్వలేదు.

మేనేజరు పెన్ను పక్కన పెట్టి ప్రశ్నలు వేశాడు. వారానికి ఎంత సరుకు, రొయ్యలు ఎక్కడివి, కరెంటు ఎంతవుతుంది. అన్నిటికీ చెప్పింది. నేను సుబ్బారావు గారికి ఫోన్ కలిపి ఇచ్చాను. ఏడాది పొడుగునా కొంటానన్న మాట మేనేజరు ఆయన నోటి నుంచే విన్నాడు.

"బాగుందమ్మా. ముందు సగం అప్పు ఇస్తాం. అది కడితే మిగతాది తర్వాత చూద్దాం."

నాకు అదీ నయమే అనిపించింది, నిజం చెప్పొద్దూ. ఒప్పుకోమని కళ్ళతో సైగ కూడా చేశాను. రూతమ్మ నా వైపు చూడలేదు.

"చాలదండి. సగం డబ్బులకి సగం డ్రయ్యరు ఇవ్వరు కదండి. సగం ఇస్తే అది ఇంట్లో ఖర్చైపోద్ది, మీకు కట్టలేను. ఇస్తే మొత్తం ఇవ్వండి, లేదంటే ఇవ్వలేనని చెప్పండి, ఇంకో చోట అడుగుతా."

ఆయన మళ్ళీ పెన్ను తీసి ఇంటి గుర్తులు రాసుకుని, సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు కూడా, మోటారు సైకిల్ మీద. టార్పాలిన్లు చూశాడు, పనిచేసే ఆడవాళ్ళతో మాట్లాడాడు. వెళ్తూ, "మొత్తానికే రాసి పైకి పంపిస్తానమ్మా. పైవాళ్ళు ఏమంటారో నా చేతిలో లేదు" అన్నాడు.

తిరుగు రైలు

మర్నాడు రేపల్లె నుంచి తెనాలి రైలెక్కాను. భట్టిప్రోలులో పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు గుంపుగా ఎక్కి నా పక్కన సర్దుకున్నారు. ఏం పని మీద వచ్చానని అడిగితే చెప్పాను. అందులో ఒకావిడ తను గేదెల పాలు పోస్తానని, అదేం పెద్ద పని కాదని అంది. ఎన్ని గేదెలని అడిగి, తెనాలి దాకా ఆవిడని వదల్లేదు. ఉషారాణి నంబరు ఇచ్చాకే దిగాను.

కదిరి చేరాక పని అయిపోలేదు. కాగితాలు ఒకసారి వెనక్కి వచ్చాయి. విజయలక్ష్మి చెప్పినట్టే బాపట్ల నుంచి వెళ్ళి లైసెన్సు పని చేయించింది. నేను వారం వారం మేనేజరుకి ఫోన్ చేశాను. నా నంబరు చూస్తే ఆయనకి విసుగొచ్చి ఉంటుంది, రానీ. వేసవి సగం గడిచింది. సుబ్బారావు గారు రెండుసార్లు కబురు పెట్టాడు. అప్పు వచ్చిందని ఒకనాడు రూతమ్మ చెప్పింది, మొత్తం వచ్చిందట. కానీ డ్రయ్యరు కంపెనీవాళ్ళు ఇవాళ రేపు అంటున్నారంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఫోన్ లేదు.

ఒక పొద్దున నేను పాకం పట్టిస్తుంటే మోగింది. అవతల ఏదో హోరు, మాట సరిగ్గా వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాను. రేకుల మీద వాన చప్పుడు అది. దాన్ని మించి రూతమ్మ అరిచి చెప్పింది.

"రాత్రి నుంచి ఒకటే వానండి అక్కా. రొయ్యలు ఆరుతున్నాయి."